వదిన పోసిన ముగ్గు

గోడ ఎక్కడ లేవాల్నో నోటితోని చెప్పుడు మా వదినకు రాదు. ఇబ్రహీంపట్నంల నా తల్లిగారిల్లు అందరు కలిసుండేటట్టు పెంచుతుంటే, గిన్నెల ముగ్గు తెచ్చి, మేస్త్రీ ముంగట నేల మీద గీతలు పోసేది. మా అమ్మకొక అర్ర, వదినోళ్ల బాపుకొక అర్ర, పిల్లలకొకటి. మహేశ్వరం నుంచి చూడవోయిన నాకు కడుపు మండింది.

"నా అర్ర ఏది వదినా?" అన్న.

"నువ్వొస్తే అత్తమ్మ కాడనే పంటవ్ గద! గందుకే గా అర్ర రెండు మంచాలు పట్టేటట్టు పోసిన," అన్నది.

కొట్లాడనీకి కూడ సందియ్యలే.

పాలు పొంగిచ్చిన నాడు అమ్మ తన కొత్త అర్ర గడప కాడ ఆగి, "బిడ్డా, జర చెయ్యియ్యి" అన్నది. నన్నే అనుకొని ఉరికిన. అమ్మ చెయ్యి చాపింది వదిన దిక్కు.