గొంతు ఉంది

పోయిన ఆదివారం మధ్యాహ్నం, అమెరికా ఆ కొసన బాతెల్‌లో ఉండే మా మనవరాలు వీడియో కాల్‌లో నాకు కథ చదివి వినిపించింది. దానికి ఏడేళ్ళు. పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని ఒక్కో వాక్యం కూడబలుక్కుంటూ అది చదువుతుంటే, నేను ఈ కొసన పిస్కాటవేలో మా భోజనాల బల్ల దగ్గర కూర్చుని వాక్యం వాక్యానికీ ఊ కొడుతున్నాను. నాలుగో పేజీలో ఆగిపోయింది.

“తాతా, నువ్ వింటున్నావా? ఆర్ యు దేర్?”

వింటున్నానమ్మా, ఊ కొడుతున్నాను కదా అన్నాను. నువ్వేం అనట్లేదు అంది. మా అబ్బాయి పక్కనుంచి తొంగిచూసి సంగతేమిటో చెప్పాడు. ఆ ప్రోగ్రాము మాటల్ని మాత్రమే పంపిస్తుందట. ఫ్యాను చప్పుడు, గిన్నెల చప్పుడు, ఇలాంటి మూలుగులు నాయిజ్ కింద తీసేస్తుందట. మూలుగులు అన్న మాట వాడిదే.

 వాణ్ణి తప్పుపట్టడానికి నాకు హక్కెక్కడుంది? డెబ్బైల చివర్లో ఇక్కడి యూనివర్సిటీలో మాస్టర్స్ ముగించి, కారులో ఇరవై నిమిషాల దూరంలో ఉన్న ఒక టెలిఫోన్ ప్రయోగశాలలో చేరినప్పుడు నాకు అప్పగించిన పని అదే. తీగ మీద వెళ్ళే చప్పుడులో మాట ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో కనిపెట్టి, మాట కానిదాన్ని పంపకుండా ఆపాలి. అలా ఒకరి మౌనంలో ఇంకొకరి మాటను దూర్చి అదే తీగ మీద ఎక్కువమంది మాట్లాడుకునేలా చేయాలి. మా పరీక్షల్లో తరచుగా తెగిపోయేవి దగ్గులు, నిట్టూర్పులు, ఊ కొట్టడాలు. అవి పోయినా వినేవారికి నష్టం లేదని రిపోర్టులో రాసిన కుర్ర ఇంజనీరును నేనే. ఆ రోజుల్లోనే రేడియోలో ఒక పెద్దాయన ఉండేవాడు.

అప్పట్లో మేం ఆదివారాలు పొద్దున ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో తెలుగు ఆరాధన జరుపుకునేవాళ్ళం. పదిహేను కుటుంబాలు, ఒక హార్మోనియం, ఆరాధన అయ్యాక మడత కుర్చీల మీద కూర్చుని తినే పులిహోర, కోడికూర. నరసాపురం దగ్గర మా ఊరి క్రైస్తవ గుడిలో మా నాన్నగారు ముప్ఫై ఏళ్ళు హార్మోనియం వాయించారు కాబట్టి ఇక్కడ ఆ బాధ్యత నాకు వచ్చింది, నాకు వాయించడం అంతంతమాత్రమే అయినా. ఒక ఆదివారం అక్కడినుంచి ఇంటికొచ్చి రేడియో ముల్లు తిప్పుతుంటే, వార్తలకీ వాతావరణానికీ మధ్య ఎక్కడో, ఒక ముసలి గొంతు పియానో మీద ఒకే స్వరాన్ని మూడు రకాలుగా వాయించి చూపిస్తూ దొరికింది. ఒకటి తొందరగా, ఒకటి సమయానికి, ఒకటి కాస్త ఆలస్యంగా. మూడోదే జాజ్ అన్నాడాయన. మా నాన్నగారు పాట చివరి చరణంలో సరిగ్గా అలాగే ఒక లిప్తపాటు ఆగేవారు. దానికి ఒక పేరుందనీ, దాన్ని వేరే దేశంలో, వేరే గుడులలో పెరిగిన మనిషి వివరిస్తాడనీ నాకెప్పుడూ తోచలేదు.

డెబ్బై దాటిన మనిషి. యవ్వనమంతా బ్యాండ్లతో ఊరూరూ తిరిగి పియానో వాయించి, చివరికి మా పక్క ఊళ్ళో స్థిరపడి, ఆ చిన్న స్టేషన్‌లో ఆదివారం రెండు నుంచి నాలుగు దాకా కార్యక్రమం నడిపేవాడు. రికార్డు పెట్టేవాడు, అది అయ్యాక స్టూడియోలో ఉన్న పాత పియానో దగ్గరకు వెళ్ళి ఎడమ చెయ్యి ఏం చేసిందో, కుడి చెయ్యి ఎందుకు ఊరుకుందో వాయించి చెప్పేవాడు. ఆయనకు ఒక అలవాటుండేది. రికార్డు నడుస్తున్నంతసేపూ మైకు తెరిచే ఉంచేవాడు. ఎవరైనా ఒక చక్కని వరుస వాయించి ఊపిరి తీసుకున్నచోట, ఆయన గొంతులోంచి ఒక చిన్న చప్పుడు వచ్చేది. మన ఇళ్ళలో కథ చెప్పేవాళ్ళకి పిల్లలు కొట్టే ఊ ఎలా ఉంటుందో అచ్చం అలాగే.

మా ఆవిడ కొత్తగా వచ్చిన రోజులవి. నేను పొద్దున వెళితే సాయంత్రం దాకా తనకు మాట్లాడే మనిషి ఉండేది కాదు. ఆయనకు రేడియో తాత అని పేరు పెట్టింది. ఇంగ్లీషు సగం అర్థమయ్యేది కాదు గానీ ఆ ఊ మాత్రం పూర్తిగా అర్థమవుతుందని, కూర తాలింపు వేస్తూ తనూ ఊ కొట్టేది.

నేను మాత్రం ఆ కార్యక్రమాన్ని క్యాసెట్ల మీదకు ఎక్కించేవాణ్ణి. నా పద్ధతి నాకుండేది. ఆయన మాట్లాడటం మొదలుపెట్టగానే పాజ్ మీట నొక్కేవాణ్ణి, పాట మొదలుకాగానే వదిలేవాణ్ణి, టేపు వృథా కాకూడదు కాబట్టి. ఒక్కో పాటకూ ఒక కార్డు: తేదీ, పాట పేరు, వాయించినవాళ్ళు, నిమిషాలు, సెకండ్లు, చివర రిమార్కులు. రెండేళ్ళయ్యేసరికి నాలుగు చెక్కపెట్టెలు నిండాయి. అయితే పాట మధ్యలో వచ్చే ఆ ఊ ని మాత్రం పాజ్ మీటతో తీసేయలేం. అలాంటి కార్డుల మీద రిమార్కుల్లో ఎర్ర సిరాతో రెండు మాటలు రాసేవాణ్ణి: గొంతు ఉంది.

చివరికి ఆయనకు ఒక ఉత్తరం టైపు చేశాను. నాలుగు అంశాలు. ఒకటి, పోయిన వారం ఒక రికార్డు సంవత్సరం తప్పు చెప్పారు. రెండు, స్టూడియోలో ఎక్కడో కరెంటు గుర్రుమంటోంది. మూడు, మీ రికార్డు ప్లేయరు కొంచెం వేగంగా తిరుగుతోంది. నాలుగు, పాట నడిచేటప్పుడు మైకు మూయడం మరిచిపోతున్నారు, మీ గొంతు సంగీతంలో కలుస్తోంది.

తర్వాతి ఆదివారం ఆయన ఆ ఉత్తరాన్ని రేడియోలో చదివాడు. నవ్వాడు. ఇంత శ్రద్ధగా వినే మనిషి ఒకడున్నందుకు సంతోషంగా ఉందనీ, నాలుగూ నిజమేననీ, నాలుగూ సరిదిద్దుకుంటాననీ చెప్పాడు. అన్నమాట నిలబెట్టుకున్నాడు. ఆ రోజునుంచి పాట మొదలైతే మైకు టక్కున మూసుకునేది. నేను చర్చిలో పదిమందికీ ఈ సంగతి చెప్పుకున్నాను. మా ఆవిడ మాత్రం వంటింట్లోంచి ఒక్కమాట అంది.

“రేడియో తాత నోరు మూయించారు కదండీ. ఇప్పుడు మీకు హాయిగా ఉందా?”

హాయిగానే ఉందన్నాను. అంతటితో ఆగితే బాగుండేది. ఎర్ర సిరా పడ్డ పాత కార్డులు ముందేసుకుని, అవే రికార్డులు పబ్లిక్ లైబ్రరీ నుంచి ఒక్కొక్కటీ తెచ్చి, అవే క్యాసెట్ల మీద, అదే చోట, శుభ్రమైన పాటను ఎక్కించడం మొదలుపెట్టాను. ఒకటి పూర్తయితే ఎర్ర మాటలు కొట్టేసి పక్కన నల్ల సిరాతో ‘శుభ్రం’ అని రాసేవాణ్ణి. రెండున్నరేళ్ళు పట్టింది. నా జీవితంలో అంత ఓపికగా, అంత తప్పు లేకుండా చేసిన పని ఇంకొకటి లేదు.

ఆయన్ని ఒక్కసారే చూశాను. మా ఊరి లైబ్రరీలో ఒక శనివారం మధ్యాహ్నం వాయిస్తున్నాడంటే ఇద్దరం వెళ్ళాం. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చేసిన గోధుమరంగు కోటులో ఉన్నాడు. తోడుగా ఒక కుర్రవాడు సాక్సఫోన్ ఊదుతుంటే, ఆ కుర్రవాడు ఆగిన ప్రతిచోటా పెద్దాయన ఊ కొడుతున్నాడు. అక్కడ మూయడానికి మైకు లేదు. అయిపోయాక వెళ్ళి పరిచయం చేసుకుంటే, నాలుగు పాయింట్ల ఇంజనీరువా అని రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ ఊ ఎందుకని మా ఆవిడే తన వచ్చీరాని ఇంగ్లీషులో అడిగింది. అది మెచ్చుకోలు కాదన్నాడు. బ్యాండులో ఒకడు ఒంటరిగా లేచి వాయించేటప్పుడు వాడికి ఎదురుగా ఉన్న జనం చీకట్లో కనపడరు, పక్కవాడు వింటున్నాడని తెలిస్తే చాలు, ఇంకాస్త ధైర్యంగా వాయిస్తాడు అన్నాడు.

నాలుగో అంశం వెనక్కి తీసుకుంటున్నానండీ, మైకు తెరిచే ఉంచండి అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. దాని బదులు ఇందాక రెండోదిగా వాయించిన పాట పేరేమిటని అడిగి, జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నాను.

ఎనభైల మధ్యలో ఒక చలికాలం ఆదివారం, రెండు గంటలకు ఆయన గొంతుకు బదులు స్టేషన్ మేనేజరు గొంతు వినపడింది. గుండె ఆగిపోయిందట. మా ఆవిడ పొయ్యి ఆర్పేసి వచ్చి రేడియో పక్కన కూర్చుంది.

నెల తిరక్కుండా ఆయన భార్య ఫోన్ చేసింది. స్టేషన్‌లో పాత టేపులేవీ లేవట, ఎప్పటికప్పుడు వాటి మీదే కొత్తవి ఎక్కించేవారట. ప్రతివారం రికార్డు చేసే భారతీయ ఇంజనీరు ఒకాయన ఉన్నాడని అక్కడెవరో చెబితే, నా ఉత్తరం మీదున్న నంబరు చూసి చేసిందట. ఆవిడ ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

“మాట్లాడినవి నాకొద్దు బాబూ. పాట నడుస్తుంటే ఆయన ఒక చప్పుడు చేసేవాడు చూడు, అది కావాలి. నలభై ఏళ్ళు నా ఇల్లంతా అదే ఉండేది.”

శనివారం రమ్మన్నాను. మధ్యలో రెండు రోజులున్నాయి. నాలుగు పెట్టెలూ బల్ల మీద పెట్టి ఒక్కో కార్డూ తీశాను. శుభ్రం, శుభ్రం, శుభ్రం. నా దస్తూరీ ఎంత గుండ్రంగా ఉందో! మా ఆవిడ నా ఎదురుగా కూర్చుని నేను చూసిన కార్డుల్ని మళ్ళీ చూసేది. ఒక్కటి కూడా దొరక్కపోతే ఆవిడకేం చెబుతారండీ అని మెల్లగా అడిగింది. 

మూడో పెట్టె అడుగున ఒకటి దొరికింది. ఆయన ఇరవై ఆరేళ్ళ వయసులో వాయించిన సొంత రికార్డు, ఆయన పేరుతో వచ్చింది అదొక్కటేనట. సిగ్గుపడుతూ ఒకే ఒక్కసారి వినిపించాడు. అది ఏ లైబ్రరీలోనూ లేదు కాబట్టి నేను శుభ్రం చేయలేకపోయాను. మూడు నిమిషాల నాలుగు సెకండ్లు. రిమార్కుల్లో ఎర్ర సిరా అలాగే ఉంది.

శనివారం ఆయన భార్య వచ్చింది. మా ఆవిడ టీ, జంతికలు పెట్టింది. నేను క్యాసెట్ తిప్పాను. ఇరవై ఆరేళ్ళ కుర్రవాడు దూకుడుగా వాయిస్తూ వెళ్ళి, ఒకచోట భయపడ్డట్టు ఆగాడు. డెబ్బై దాటిన ముసలాయన ఊ అన్నాడు. కుర్రవాడు మళ్ళీ అందుకున్నాడు. పాట మొత్తంలో ఐదుసార్లు. ఆవిడ కళ్ళు మూసుకుని వింది. అయిపోయాక ఇంకోసారి అని వేలు చూపించింది. మూడోసారి అయ్యాక, మిగతావాటిలో కూడా ఉంటుంది కదా అంది, బల్ల మీదున్న పెట్టెల వంక చూస్తూ.

లేదని చెప్పాను. ఎందుకు లేదో కూడా చెప్పాను, ఉత్తరం దగ్గరనుంచి లైబ్రరీ రికార్డులదాకా, వరుసగా. ఆవిడ టీ కప్పు చేతిలోకి తీసుకుంది. కోప్పడితే బాగుండునని చూశాను. చివరికి, ఆ ఉత్తరాన్ని ఆయన పియానో మీదే పెట్టుకునేవాడు, వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయేవాడు అంది. టీ కప్పు కింద పెట్టి, “ఆ తర్వాత ఇంట్లో కూడా, రికార్డు పెట్టినప్పుడు, అలవాటుగా మొదలుపెట్టి మధ్యలో ఆపేసుకునేవాడు” అంది. నిందలా అనలేదు. ఎన్నాళ్ళుగానో మనసులో ఉన్నదాన్ని చెప్పింది, అంతే.

క్యాసెట్ ఆవిడకే ఇచ్చి పంపాను. నకలు తీసుకుంటానని అడగడానికి నోరు రాలేదు. ఆవిడ పోయి కూడా చాలా ఏళ్ళయింది. ఆ క్యాసెట్ ఏమైందో తెలియదు.

మా ప్రయోగశాలలో తర్వాత ఒక తమాషా జరిగింది. మౌనాన్ని పూర్తిగా తీసేస్తే జనం ఫోను పోయిందనుకుని పెట్టేస్తున్నారు. అందుకని మేమే ఒక సన్నని హోరును తయారుచేసి అందులో కలిపాం, అవతల మనిషి ఉన్నట్టు అనిపించడానికి. అప్పట్లో మన ఊళ్ళకు ఫోన్ చేస్తే వినపడే ఆ సముద్రపు హోరు, అరుపులు, మధ్యలో అమ్మ ఊపిరి, ఊ, ఊ అనడం, అవన్నీ ఇప్పుడు మీకెవరికైనా వినపడుతున్నాయా? మొహాలు అద్దంలోలా కనిపిస్తున్నాయి, మాటలు పక్కగదిలోంచి వచ్చినంత స్పష్టంగా ఉన్నాయి.

నిన్న మనవరాలు మిగిలిన కథ చదువుతానని మళ్ళీ పిలిచింది. ఊ అవతలికి పోవడం లేదు కాబట్టి ఈసారి వాక్యం వాక్యానికీ అలాగా, మరి తర్వాత అని మాటలతో అన్నాను. మధ్యలో మాట్లాడకు తాతా, నేను ఎక్కడున్నానో మర్చిపోతున్నా అని విసుక్కుంది. సరేనని నోరు మూసుకుని, పుస్తకం చాటున దానికి కనపడదని తెలిసినా తల ఊపుతూ కూర్చున్నాను. పక్కనే మా ఆవిడ, అలవాటు మానుకోలేక, అటు చేరని ఊ కొడుతూనే ఉంది.

కాల్ అయ్యాక మూడో పెట్టె దించాను. క్యాసెట్ ఇచ్చేసినా కార్డు నా దగ్గరే ఉండిపోయింది. తేదీ, పాట పేరు, మూడు నిమిషాల నాలుగు సెకండ్లు. చివరి గడిలో ఎర్ర సిరా కాస్త వెలిసింది గానీ చదవడానికి వస్తోంది. గొంతు ఉంది.