అక్క వల, తమ్ముడి గాలం

చెరువు గట్టు మీద, బస్సులు మలుపు తిరిగే చోట, ఎరలాయన కొట్టు ఉండేది. కొట్టంటే పెద్ద కొట్టేం కాదు, ఇద్దరు లోపల నిలబడితే మూడోవాడు బయట నుంచే బేరమాడాలి. గోడకి గాలాలు, దారం చుట్టలు, రంగురంగుల బెండ్లు. కింద చెక్కపెట్టెల్లో తడిమట్టి, ఆ మట్టిలో వానపాములు. వాటికి ఎండ తగలకూడదు, నీళ్లు ఎక్కువ కాకూడదు. పసిపిల్లల్ని సాకినట్టు సాకాలి. సాకి సాకి ఆయన చేతులకి ఆ వాసన ఎంత పట్టేసిందంటే, బస్సులో ఆయన పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే. "నాకు రిజర్వేషను అక్కర్లేదండీ, మా పాములే సీటు పట్టి పెడతాయి" అని తనే నవ్వేవాడు. అప్పట్లో నవ్వేవాడు లెండి.

ఆయన్ని పెంచింది అక్క. తల్లి పోయేనాటికి ఈయన గోడ పట్టుకుని నడిచే పిల్లాడు. అక్కకి మాత్రం ఎంతని వయసు? ఆ వయసులోనే తల్లి విసురువల భుజాన వేసుకుని మోకాలి లోతు నీళ్లలోకి దిగింది. పరిగెలని వేలెడంత చేపలుంటాయి చూడండి, వెండి ముక్కల్లా మెరిసేవి, వాటిని బుట్టకెత్తుకుని మేడల మధ్య సందుల్లో తిరిగి అమ్మేది. అందరూ వలక్క అని పిలిచేవారు. తమ్ముడి చదువు ఆ పరిగెలే, చొక్కా ఆ పరిగెలే, చివరికి కొట్టూ ఆ పరిగెలే. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "చేసుకోకపోవడమేంటి? చెరువుని కట్టుకున్నా. అదిగో సవతులు" అని నీటికాకుల్ని చూపించేది. ఆ నల్ల పిట్టలు బారులు కట్టి మునిగి, ఆవిడ వలకంటే ముందే పరిగెల్ని కొట్టేసేవి. "మీ దుంప తెగ, కాస్త నాకూ మిగల్చండే!" అని రోజూ పొద్దున్నే వాటితో జగడం. అవి రాళ్లమీద రెక్కలు ఆరబెట్టుకుంటూ వినేవి. అక్క చేసుకోలేదని తమ్ముడూ చేసుకోలేదు.

గాలాలవాళ్ల సంగతి వేరు. సెలవు రోజున ఆఫీసులవాళ్లూ షాపులవాళ్లూ మడత కుర్చీలు వేసుకుని గట్టు మీద కూర్చునేవారు. పట్టిన చేపని కొలిచి, ముచ్చట తీరాక మళ్లీ నీళ్లలో వదిలేసేవారు. "కడుపు నిండినోళ్ల ఆటరా అది" అనేది అక్క. ఏడాదికోసారి పోటీ పెట్టి, అందరికంటే పెద్ద చేప పట్టినవాడికి కప్పు ఇచ్చేవారు. ఎరలాయన వ్యాపారానికి ఆ పోటీయే ప్రాణం.

ఆ ప్రాణం మీదికే తెచ్చాడు ఒక కాంట్రాక్టరు. ఊరి అవతలి కొసన కుంట తవ్వించి, ఎక్కడెక్కడి నుంచో వేటచేపల్ని తెచ్చి పోశాడు. పళ్లూ పొగరూ రెండూ ఉన్న జాతి అది. గాలాలవాళ్లు దానికి రౌడీ అని పేరు పెట్టారు. గాలానికి పడిందంటే కర్ర విల్లులా వంగిపోవాలి, మనిషి చెమటలు కక్కాలి. అది మరిగినవాడు పరిగెల చెరువుకి ఎందుకొస్తాడు? ఆ ఏడు మన చెరువు పోటీలో గెలిచిన చేప కప్పులో పడుకోబెడితే తోక కూడా పైకి రాలేదు. జనం ఒకటే నవ్వు. తమాషా చూడ్డానికొచ్చిన కాంట్రాక్టరు "మా దగ్గర ఇంతవి ఎరకి వాడతారండీ" అన్నాడు. ఎరలాయన ముఖం మాడిపోయింది. కొట్టు మూతపడితే అక్క కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరేగా! రాత్రీ పగలూ అదే తొలిచేసింది ఆయన్ని.

ఉక్రోషం వచ్చినవాడి బుర్ర పనిచేయదు. ఒకరోజు ఆ కుంట దగ్గరికే వెళ్లి, కాపలావాణ్ణి మంచి చేసుకుని, కొన్ని రౌడీ పిల్లల్ని మూత బకెట్లో వేయించుకుని బస్సెక్కాడు. లోపల టపటపమంటోంది. "ఏంటయ్యా అది?" అన్నాడు కండక్టరు. "మా బావమరిదండీ, కాస్త కోపిష్ఠి" అన్నాడు, పెళ్లే లేని పెద్దమనిషి.

బస్సు దిగేసరికి వాన దంచి కొడుతోంది. గట్టు మీద మనిషన్నవాడు లేడు. చెరువులోకి దిగే మెట్లలో చివరిదాని మీద కూర్చుని బకెట్ వంపేశాడు. చేప చేపే కదా, పెరిగితే నా గాలాలవాళ్లూ వస్తారు, అక్క వలలోనూ పెద్దవి పడతాయి, ఇద్దరం బాగుపడతాం అనుకున్నాడు. వెర్రిబాగులవాడు! ఏ వానపాముకి ఏం కావాలో నిద్రలో అడిగినా చెప్పగల మనిషికి, ఆ రౌడీ ఏం తిని రౌడీ అయిందో అడగాలని తోచలేదు.

ఆ ఏడు వరద కూడా వచ్చింది. తరవాత చెరువులో రౌడీలు కనబడితే వరదకి కొట్టుకొచ్చాయనుకున్నారందరూ. ఇక చూస్కోండి! కుర్చీలు పట్టడానికి గట్టు చాల్లేదు. దారాలు తెగిపోతుంటే కొత్త దారాలకి కొట్టు ముందు వరస. పోటీకి కప్పు కూడా మార్చారు, పాతదాంట్లో చేప పట్టడంలేదని. "మా చిన్నోడి కొట్టు చూశారా?" అని అక్క సందు సందునా చెప్పుకుని మురిసిపోయేది. చెప్పుకుంటున్నప్పుడు ఆవిడ నెత్తిమీద బుట్ట తేలిగ్గా ఉండేదని ఎవరూ గమనించలేదు, తమ్ముడితో సహా.

రౌడీలు లోతులో ఉండేవి. ఒకవేళ పడ్డా ఆ సన్నని వలని చింపుకుని పోయేవి. ముందు వలకి చిరుగులున్నాయనుకుంది అక్క, కూర్చుని కుట్టుకుంది. తరవాత చలి ఎక్కువైందనుకుంది. ఆ తరవాత, ఒక పొద్దున, తిట్టడానికి నోరు తెరిచి చూస్తే రాళ్లమీద నీటికాకులు లేవు.

"పాపం, వాటికీ దొరకట్లేదురా. పోయాయి" అంది కొట్టు ముందు నిలబడి. సవతులు పోతే ఏడ్చిన ఆడమనిషిని ఎక్కడైనా చూశారా? ఆవిడ ఏడ్చింది.

అదే వారం పోటీలో గెలిచిన రౌడీని ఎవరో కొట్టు బల్లమీదే కోయించారు. ఎరలాయనే కోశాడు. పొట్ట నిండా పరిగెలు. కొన్నింటికి ఇంకా మెరుపు పోలేదు. కత్తి బల్లమీద పెట్టేశాడు. అక్క పొట్ట కొట్టింది కాంట్రాక్టరు కాదు, కాలం కాదు. తనే! ఎవరితో చెప్పుకుంటాడు? తేలు కుట్టిన దొంగ ఎక్కడ అరుస్తాడు?

ఆ రోజు నుంచి పట్టిన రౌడీని వదలొద్దని గాలాలవాళ్ల కాళ్లావేళ్లా పడ్డాడు. ఎర ఊరికే ఇచ్చాడు. కొట్టు వదిలేసి తనే పొద్దస్తమానం గాలం వేసుకుని కూర్చున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? పరిగెలు అయిపోయాక రౌడీలు తమ పిల్లల్నే తిన్నాయి. అవీ అయిపోయాక చిక్కిపోయాయి, ఇంత తలకాయ, దానికి తాడులాంటి ఒళ్లు. ఇలాంటివాటిని పట్టి ఫొటో తీయించుకునేవాడెవడు? కుర్చీలన్నీ మళ్లీ కాంట్రాక్టరు కుంటకే పోయాయి. చెక్కపెట్టెల్లో వానపాములు మాత్రం బ్రహ్మాండంగా పెరిగాయి.

ఒక సాయంత్రం అక్క వల భుజానేసుకుని వచ్చింది.

"ఒరే చిన్నోడా, రేపట్నుంచి ఆ కుంట దగ్గర చేపలు కోసే పనికి పోతున్నా. ఇదిగో, ఇది నువ్వు ఒక్కసారి వెయ్యి."

"నేనా? ఎందుకక్కా?"

"నా చెయ్యి చచ్చిపోయిందిరా. నీ హస్తవాసి మంచిదని అమ్మ అనేది. పడుతుందో లేదో చూసి పోతా."

ఎరలాయన వల అందుకోకుండా వెనక్కి జరిగాడు. "నీ చెయ్యి కాదక్కా! రౌడీలు తినేశాయి."

"పెద్దవి చిన్నవాటిని తినడం ఇవాళ కొత్తగా పుట్టిందా? నీటికాకులు తినలేదా? అయినా నాకు మిగిలేవి."

"అక్కా, నా మాట విను. వాటిని వదిలింది నేనే. బకెట్లో తెచ్చి ఈ మెట్ల దగ్గరే వంపేశాను. నీ నోటి దగ్గర కూడు నేనే లాగేశాను."

అక్క ఆయన ముఖంలోకి చూసి, తడి చేత్తో చెంప నిమిరింది.

"చాల్లే ఊరుకో. నేను బాధపడుతున్నానని వరదకి కొట్టుకొచ్చిన వాటిని కూడా నెత్తినేసుకుంటావా? నువ్వు నాకు అన్యాయం చేస్తావా? ఎవడికైనా చెప్పు, నవ్విపోతాడు. ముందు వల వెయ్యి."

ఒట్టు పెట్టాడు, కాళ్లు పట్టుకున్నాడు. ఎంత ఏడిస్తే అంత ఓదార్చింది తప్ప నమ్మలేదు. చివరికి వల విసిరాడు. వల పట్టి ఎన్నేళ్లయిందో ఏమో, సగమే విచ్చుకుంది. లాగితే అందులో ఒకే ఒక్క రౌడీ, వల చింపే ఓపిక కూడా లేనిది, నోరు తెరిచి మూస్తోంది.

"చూశావా! చెప్పానా నీ చెయ్యి మంచిదని!" అక్క చప్పట్లు కొట్టింది. "వల నీ దగ్గరే పెట్టుకో. రా, వండి పెడతా."

వండింది. దాన్లో ఉన్నదే తలకాయ, అదీ తమ్ముడి కంచంలోనే వేసింది. తను ఎదురుగా కూర్చుని చూస్తోంది.

ఎరలాయన ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ముల్లు గుచ్చుకుందా ఏంటి?" అంది అక్క కంగారుగా.

అవునన్నట్టు తలూపాడు.

"ఉత్త అన్నం ముద్ద మింగు, దిగిపోతుంది."

మింగాడు. దిగలేదు.