అగ్గిపెట్టెలో ఆరుద్ర

తొలి వాన పడగానే సూరత్‌లో మా లింబాయత్ గల్లీల్లో లేచేది మట్టి వాసన కాదు. మగ్గాల షెడ్ల ముందు కుప్పపోసిన దారం తుక్కు తడిసి, దానికి మిషన్ నూనె కలిసి, పక్కన బండి మీద వేగే భజియాల పొగ తోడై గుప్పుమని ముక్కుకు తగులుతుంది. ఆ వాసనకు ఇప్పటికీ నాకు ముందు వచ్చేది కోపమే. ఆకాశంలో ఒక చుక్కను చూడాలని చిన్నప్పుడు ఓ వానాకాలమంతా పడ్డ తిప్పలు గుర్తొస్తాయి.

మాది సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన నేత కుటుంబం. బాపు పవర్‌లూమ్ మీద పని చేసేవాడు, అమ్మ ఇంట్లో కూర్చుని చీరల దారాలు కత్తిరించేది. సూరత్‌లో మాకు చారెడు భూమి లేకపోయినా అమ్మ తెలుగు కేలండరు గోడకు తగిలించి కార్తెలు చూసుకునేది. మిరుగు నాడు, అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజున, చేపలు తినకపోతే ఆమెకు వానాకాలం మొదలైనట్టే ఉండేది కాదు; శాకాహారి అయిన ఇంటి ఓనరు గొణుగుతాడని తలుపులు మూసి మరీ, మామిడికాయ ముక్కలేసి పులుసు పెట్టేది. మిరుగు తర్వాత వచ్చేది ఆరుద్ర. ఆ పేరుతో నాకు తెలిసింది ఒక్కటే: అమ్మమ్మ ఊళ్లో తొలకరికి చెలకల్లో ఎర్రటి మఖ్మల్ గుడ్డలా మెత్తగా పాకే ఆరుద్ర పురుగు. వాటిని ఏరి, గడ్డి పరిచిన అగ్గిపెట్టెలో దాచి, మాటిమాటికీ తెరిచి చూసుకునేవాళ్లం.

ఆ ఏడు మా హిందీ మీడియం బడిలో సైన్స్ టీచరమ్మ చుక్కల పుట్టుక, చావు చెప్పింది. వాయువూ ధూళీ ముద్దకట్టి చుక్క పుడుతుందట, లోపల ఇంధనం ఉన్నన్నాళ్లు వెలుగుతుందట, అది తరిగిపోయాక ఉబ్బి ఎర్రబడుతుందట. మన సూర్యుడి లాంటివి పై పొరలు వదిలేసి నిప్పుకణికలా మెల్లగా చల్లారతాయి. మరీ పెద్దవి పేలిపోతాయి, ఆ ధూళిలోంచే మళ్లీ కొత్తవి పుడతాయి. అలా పేలబోయే ముసలి ఎర్రచుక్క ‘ఆర్ద్రా’ అంది, ఇవాళో రేపో అంది. చుక్కల లెక్కలో రేపంటే లక్ష ఏళ్లు కావచ్చని మాత్రం చెప్పలేదు. ఎరుపు, ఉబ్బు, పైగా నా చెవికి ఆరుద్ర అనే తోచిన ఆ పేరు వినగానే నేను లేచి, మా ఊళ్లో దాన్ని అగ్గిపెట్టెలో పెడతామని చెప్పాను. క్లాసంతా పడీ పడీ నవ్వింది. టీచరమ్మ కూర్చోమంది, అంతే. నేను దేన్ని అనుకుని అలా అన్నానో అడిగితే ఆమె సొమ్మేం పోయేది?

ఇంటికొచ్చి, ఆరుద్ర చచ్చిపోతుందట అని అమ్మ దగ్గర ఏడుపుమొహం పెట్టాను. ఆ చుక్క పేలిపోయేలోపు ఒక్కసారైనా చూడాలని నా ఆరాటం. మగ్గాల మోతకు సగం చెవుడొచ్చిన బాపు రెండుసార్లు ‘ఏంది’ అని వదిలేశాడు. అమ్మ కేలండరు చూసింది.

“గిప్పుడు ఆరుద్రే నడుస్తుంది గద బిడ్డా. డాబా మీదికి పోయి జర మంచిగ సూడు, కనవడ్తది.”

రోజూ పొద్దుగూకగానే డాబా ఎక్కాను. ఎప్పుడు చూసినా మబ్బే. మబ్బు విడిచిన నాడు ఏవేవో తెల్లచుక్కలు తప్ప ఎర్రది లేదు. నేను చూసేలోపే పేలిపోయిందనుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఆరుద్ర కార్తె అంటే సూర్యుడు ఆ చుక్క వైపున ఉండే రోజులనీ, ఏడాది మొత్తంలో అది కనిపించనిది సరిగ్గా అప్పుడేననీ పెద్దయ్యాక గానీ తెలియలేదు. అమ్మకు కార్తె తెలుసు గానీ చుక్క తెలియదు. టీచరమ్మకు కార్తె సంగతి తెలియదు. చలికాలం చూడవే పిల్లా అన్నవాళ్లు ఒక్కరంటే ఒక్కరు లేరు.

మొన్న చలికాలం ఓ సాయంత్రం సూరత్‌లోనే, ఇప్పుడు మేముండే డిండోలిలో మా బిల్డింగు పైన, నీళ్ల ట్యాంకుల సందులోంచి తూర్పున ఆ చుక్కను చూశాను. ఎర్రగా, నిక్షేపంగా ఉంది. చూపిద్దామంటే అమ్మ లేదు. నా కూతురికి పురుగులనైనా చూపిద్దామని, ఈ తొలి వానకు ఊళ్లో ఉన్న మేనమామకు ఫోన్ చేసి అడిగాను.

“యాడియి బిడ్డా? మందులు కొట్టి కొట్టి చెలకల ఒక్కటి మిగల్లే. సూడక ఎన్నేండ్లాయెనో.”

పేలిపోతుందని నేను ఏడ్చిన చుక్క అక్కడే ఉంది. ఈ పురుగుల కోసం ఏడవాలని నాకెవరూ చెప్పలేదు.