మొదటి నెట్టు ఏది?

మీ తాతను ఒకసారి దొంగన్నారు. మీకెప్పుడూ చెప్పలేదు కదూ?

అరవయ్యో దశకం చివర్లో, ఆమదాలవలసలో ఒక రైసుమిల్లు గోడౌను తాళంచెవి ఆయన మొలతాడుకుండేది. లోపల ధాన్యం బస్తాలు ఆరు నెట్లుగా పేర్చి ఉండేవి. తడి ధాన్యం పడితే నెట్టు లోపల వేడెక్కి ముక్కిపోతుంది. అందుకని మీ తాత ఇనపచువ్వ గుచ్చి, కాసేపాగి లాగి, అరచేత్తో పట్టుకుని చూసేవారు.

ఆ యేడు షావుకారు మద్రాసు నుంచి ఒక పెట్టె తెప్పించారు. అద్దం వెనక ఒక ముల్లు, కింద ఒకటి నుంచి ఆరుదాకా అంకెలున్న బొత్తాం, వెనక ఆరు పొడుగాటి తీగలు. బొత్తాం ఏ అంకెకి తిప్పితే ఆ నెట్టు వేడి ముల్లు చూపిస్తుందట. బిగించడానికొచ్చిన మెకానిక్కు ఆఫీసుగది దాటలేదు. తీగల కొసలకు అంకెల చీటీలు కట్టి, "మొదటి నెట్టులో ఒకటి, అలా వరసగా దూర్చెయ్" అని మీ తాతకిచ్చాడు. తలుపు పక్కది మొదటిదని కాగితం మీద రాసి గోడకంటించి, మధ్యాహ్నం రైలెక్కేశాడు. సరుకు మొహం చూడకుండా సరుకు సంగతి రాసిన మనిషి మీద నాకు అప్పుడే అనుమానం.

పది రోజులకు ఒకటో అంకె దగ్గర ముల్లు పైకి పోయింది. షావుకారు తలుపు పక్క నెట్టు విప్పించారు. ధాన్యం పొడిగా గలగలలాడుతోంది.

"తడి సరుకు మార్సీసి మంచిది పెట్టీసినావు. దొంగా!" అన్నారు బస్తాలు మోసే కళాసీలందరి ముందూ.

"నానెందుకు మారుస్తాను బావూ?"

"పెట్టెకి నీతో పగేటి? తాళంసెవి ఇలాగియ్యి. రేపటికి నిజం సెప్పకపోతే మిల్లు గుమ్మం తొక్కకు."

ఇంటికొచ్చిన మనిషిని నేనూ ఒకసారి ఎగాదిగా చూశాను. అబద్ధమెందుకు.

"నువ్వు కూడానా?" అన్నారు.

"కాదయ్యా. నెట్టు ఇప్పీసినాక ముల్లు దిగిందా?"

"దిగనేదు."

"మరి నువ్వు ఒకటో తీగ ఎందులో ఎట్టినావు?"

"ఏటా అడగడం! నైరుతి మూలదాన్లో. బరువు ముందు అక్కడే కదే దించుతాం."

తలుపు పక్కది మావాళ్లకు ఆరోది.

పొద్దున్నే చెంబుడు మరిగే నీళ్లు పట్టుకెళ్లాను.

"ఏటే, పెట్టెకి టీ ఇస్తావా?" అన్నారు షావుకారు.

"జొరం ఎవరికో సూద్దాం బావూ. బొత్తాం మీరే తిప్పండి."

విప్పిన నెట్టు తీగ నేలమీదే పడి ఉంది. చీటీ ఎప్పుడో ఊడిపోయింది. కొస నీళ్లలో ముంచాను. ఒకటి మీద ముల్లు నిన్నెక్కడుందో అక్కడే ఉంది. రెండు, మూడు, నాలుగు, అయిదు ఉలకలేదు. ఆరుకి తిప్పగానే ఎగిరింది.

నైరుతి నెట్టు విప్పితే ఆవిరీ, ముక్క వాసనా ఒక్కసారే కొట్టాయి. అంత చూసీ, మా ఇద్దరిలో ఎవరు మాయ చేశారోనన్నట్టు షావుకారు తీగ పొడవునా చూపు నడిపించారు. ఆఖరికి తాళంచెవి చాపారు.

మీ తాత చేతులు కట్టుకునే నిలబడ్డారు. "ఇంతమందిలో దొంగన్నారు బావూ. ఇంతమందిలోనే కాదనండి."

"నువ్వు కాదులేరా," అని గొణిగారు.

"ఇనపడనేదు బావూ," అన్నాను నేను.

ఆయన గొంతు పెంచి మళ్లీ అన్నాకే మీ తాత చెయ్యి చాపారు.