ఘాట్ రోడ్డులో రెండో గేరు

పోయిన నెల నేను వేములవాడ ప్రయాణం గురించి రాస్తే, కింద ఒక పెద్దమనిషి వ్యాఖ్య పెట్టారు. దిగుడు రోడ్డులో బండిని న్యూట్రల్‌లో పెట్టుకుంటే పెట్రోలు మిగులుతుందట, ఈ చిట్కా నేను రాయడం మరిచిపోయానట. మరిచిపోలేదండీ. తప్పు కాబట్టి రాయలేదు. ఈ కాలపు పెట్రోలు బండ్లలో గేరు వేసి ఉంచి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేస్తే, దిగుడులో ఇంజిన్‌కు పెట్రోలు దాదాపు అందదు. చక్రాలే దాన్ని తిప్పుతుంటాయి, అదే బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో పెట్టారా, ఇంజిన్ ఆరిపోకుండా ఉండడానికి తాగేది తాగుతూనే ఉంటుంది, బండి బరువంతా బ్రేకుల నెత్తిన పడుతుంది. నేను ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పాను. మీరు నా మాట నమ్మకపోయినా నాకు కొత్త కాదు, మా ఇంట్లోనే నమ్మరు. ఎంతగా నమ్మరో మొన్నటి ఆదిలాబాద్ ప్రయాణంలో తేలింది.

మా మనవరాలు హారికకు వ్యవసాయ విస్తరణాధికారిగా ఉద్యోగం వచ్చింది. పోస్టింగ్ ఆదిలాబాద్ జిల్లాలో, హైవే దిగి పన్నెండు కిలోమీటర్లు లోపలికి. ఐదు ఊళ్లు తిరగాలి, వాటిలో రెండింటికి బస్సే లేదు. మా ఇంట్లో పదకొండేళ్ల పాత పెట్రోలు కారు ఒకటుంది. దాన్ని అక్కడే ఉంచుకుంటానని పిల్ల అడిగింది. వాళ్ల నాన్న, అంటే మా అబ్బాయి శీను, ఒక షరతు పెట్టాడు. "నిర్మల్ ఘాట్ ఎక్కి దిగి చూపియ్యాలె. బండి ఒక్కసారన్న బందయినా, నువ్వు బుగులుపడి వణికినా, తాళంచెవి నా జేబులేసుకొని వాపస్ వస్త." కారు లేకపోతే రెండు నెలల్లో పిల్ల విసిగి ఉద్యోగం వదిలేసి కరీంనగర్ వచ్చేస్తుందని వాడి ఆశ. ఆ సంగతి వాడు అనలేదు. అనకపోయినా మా ముగ్గురికీ తెలుసు. కారు నా రిటైర్మెంటు డబ్బుతోనే కొన్నాం. కానీ షోరూంలో సంతకం చేయాల్సిన చోట వాడిని చేయమన్నాను. చదువుకున్నదాన్ని నేనే.

ఆదివారం ఉదయం ఐదున్నరకు కరీంనగర్ నుంచి బయలుదేరాం. హారిక స్టీరింగ్ దగ్గర, పక్కన శీను, వెనక నేను, నా పక్కన బియ్యం సంచీ, పిల్ల పరుపు చుట్ట. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూర్, నిర్మల్ మీదుగా ఆదిలాబాద్‌కు రెండు వందల నలభై కిలోమీటర్ల దాకా వస్తుంది. ఆర్మూర్ వరకు రెండు వరుసల రోడ్డు, ఊరూరా స్పీడ్ బ్రేకర్లు, ట్రాక్టర్లు. ఆర్మూర్ దగ్గర హైవే ఎక్కాక తేలిక. బాసర కూడా చూడాలనుకునేవాళ్లు దానికి వేరే రోజు పెట్టుకోండి, ఒక్క రోజులో రెండూ కావు. జగిత్యాల దాకా ఇంట్లో తాగిన టీ సరిపోయింది. అక్కడి వరకు శీను మాట్లాడని నిమిషం లేదు.

ప్రతి స్పీడ్ బ్రేకర్ ముందూ హారిక బ్రేకుతో వేగం తగ్గించేది, క్లచ్ తొక్కి మూడు నుంచి రెండుకు దించేది, యాక్సిలరేటర్‌ను బొటనవేలితో తాకినట్టు ఒక్కసారి తాకి క్లచ్‌ను మెల్లగా వదిలేది. నా చేతిలోని నీళ్ల సీసా తొణికేది కాదు. మానేరు డ్యాం రోడ్డు మీద నాలుగు నెలలు పొద్దున్నే నేను నేర్పిన పని అది. వేగం తగ్గించడం బ్రేకు పని, తగ్గిన వేగాన్ని నిలపడం గేరు పని అని చెప్పేదాన్ని. శీను లెక్క వేరు. "ఊకె గేర్లు మారుస్తె గేర్‌బాక్స్ ఖరాబైతది. మూడోదాంట్లనే పోనియ్" అంటాడు. వాడు నడిపితే మూడో గేరులో బ్రేకర్ ఎక్కుతుంది, బండి దగ్గుతుంది, పళ్లు కొట్టుకుంటాయి. దాన్ని వాడు రోడ్డు తప్పంటాడు.

ఏడున్నరకు మెట్‌పల్లిలో టిఫిన్ బండి దగ్గర ఆగాం. ముగ్గురం పూరీలు తిని టీ తాగితే రెండు వందలు దాటలేదు. పూరీలు వత్తుతున్న ఆమె డ్రైవర్ సీట్లోంచి దిగిన హారికను, పక్క సీట్లోంచి దిగిన శీనును చూసింది.

"బిడ్డనే నడుపుతున్నదా? మరి మీరేం చేస్తున్నరు సార్?"

"నేను చూస్తున్న" అన్నాడు శీను.

"చూసుడు కాదక్కా, చెప్పుడు" అంది హారిక. "పొద్దుగాల సంది రేడియో బందు చేసి బాపును పెట్టుకున్నం."

ఆమె నవ్వి పిల్లకు ఇంకో పూరీ వేసింది. శీనుకు వేయలేదు.

ఆర్మూర్ దాటి సోన్ దగ్గర గోదావరి వంతెన మీదికి వచ్చేసరికి తొమ్మిదయింది. నిర్మల్ దాటాక నాలుగు వరుసల రోడ్డు మీద పోవచ్చు, పాత ఘాట్ రోడ్డు మీదా పోవచ్చు. వాన వెలిసిన మర్నాడు పాత రోడ్డు చూడదగ్గది. టేకు ఆకులు కడిగిపెట్టినట్టుంటాయి, మలుపు మలుపుకూ లోయ కింది పొలాలు కనిపిస్తాయి. మేం చూడడానికి పోలేదు కాబట్టి నేను చూసింది హారిక ఎడమ చెయ్యినే. ఎక్కేటప్పుడు ప్రతి మలుపుకూ ముందే రెండో గేరు వేసుకుంది, మలుపులో ఉండగా గేరు ముట్టలేదు. బండి ఒక్కచోట కూడా ఆగలేదు. పైన కోతులను, ఫోటోలు దిగుతున్న జంటను తప్పించి బండి వెనక్కి తిప్పింది. ఇక షరతులో మిగిలింది దిగడమే.

కొంచెం తిన్నగా ఉన్నచోట మూడు, మలుపు వస్తుందనగా రెండు. రెండో గేరులో దిగుతుంటే ఇంజిన్ గట్టిగానే మోగుతుంది. మోగాలి.

"ఇంజిన్ మొత్తుకుంటున్నది, నీకు ఇనవడ్తలేదా?" అన్నాడు శీను.

"మొత్తుకోనియ్ బాపూ. బండిని పట్టుకున్నది గదే."

"న్యూట్రల్ చెయ్. ఉత్తగనే దిగుతది."

"చెయ్య."

"శీనూ, దాన్ని నడపనియ్యి" అన్నాను వెనక నుంచి. "గేరులో ఉంటేనే బండి చేతిలో ఉంటుంది."

"నువ్వు జర ఊకో అవ్వా. ఇది బడి కాదు."

నాలుగో మలుపు ముందు హారిక మూడు నుంచి రెండుకు దించడానికి క్లచ్ తొక్కింది. ఆ ఒక్క క్షణం చాలింది వాడికి. చెయ్యి చాచి గేరు రాడ్‌ను న్యూట్రల్‌లోకి గుంజి, దాని మీదే పిడికిలి బిగించి కూర్చున్నాడు. పిల్ల క్లచ్ వదిలింది, బండిని పట్టుకునేది ఏదీ లేదు. మలుపు తిరగ్గానే ఎదురుగా పత్తి బేళ్ల లారీ, మాకంటే ముందు మెల్లగా దిగుతోంది. "చెయ్యి తియ్, బాపూ చెయ్యి తియ్" అంటోంది హారిక. వాడు బిగుసుకుపోయాడు, తీయలేదు. ఆమె బ్రేకు తొక్కింది. పెడల్ మెత్తగా లోపలికి పోయింది. పాతబడి తేమ పట్టిన బ్రేక్ ఆయిల్ వేడికి మరిగితే పెడల్ అలాగే పోతుంది. ఆ బండిలో బ్రేక్ ఆయిల్ మార్చి ఎన్నేళ్లయిందో శీనుకు తెలియదు, వాడు ఏటేటా మార్పించేది ఇంజిన్ ఆయిల్ ఒక్కటే. పిల్ల పెడల్‌ను వదిలి మళ్లీ తొక్కి, మళ్లీ తొక్కి, ఎడమ చేత్తో హ్యాండ్‌బ్రేక్ కొంచెం కొంచెంగా లాగుతూ ఎడమ వైపు మట్టిలోకి దించింది. లారీ వెనక తలుపు మీద రాసింది నేను కళ్లద్దాలు లేకుండా చదివేంత దగ్గరలో ఆగాం. కాలిన వాసన.

లారీ కూడా ఆగింది. డ్రైవర్, యాభై ఏళ్ల మనిషి, దిగి వచ్చాడు. అప్పటికే శీను నీళ్ల సీసా పట్టుకుని ముందు చక్రం దగ్గర కూర్చున్నాడు.

"నీళ్లు పొయ్యకు సార్. కాలినదాని మీద సల్లటి నీళ్లు పోస్తె పగుల్తది. అర్ధగంట ఉండనియ్. ఏ గేర్ల దిగుతున్నరు?"

"న్యూట్రల్‌ల అన్నా."

అతను శీనును కింద నుంచి పై దాకా చూశాడు. "న్యూట్రలా? నేను గింత లోడ్ ఏస్కొని రోజు దిగుత. ఏ గేర్ల ఎక్కితె గా గేర్లనే దిగుత. బ్రేకు ఊకె తొక్కి పట్టొద్దు, జర ఆనించి ఇడువాలె. ఇంజినే ఆపుతది."

శీను చేతులు కట్టుకుని నిలబడి విన్నాడు. తల కూడా ఊపాడు. "నిజమే అన్నా. కరెక్టే. మాకు ఇదంత ఎవ్వలు చెప్పలే."

నేను వాడికి రెండు అడుగుల దూరంలో ఉన్నాను. వాడి కూతురు నాలుగు అడుగుల దూరంలో.

డ్రైవర్ హారిక వైపు తిరిగాడు. "ఆపింది నువ్వేనా బిడ్డా? మంచిగ ఆపినవ్."

"చేతులు చూడు ఎట్ల వణుకుతున్నయో" అన్నాడు శీను. "బుగులుపడ్డది."

"గేరు గుంజింది నువ్వు బాపూ."

"నేను గుంజకుంటె ఏమైతుండెనో."

తప్పు నీదేనని, పరీక్ష పిల్ల నెగ్గిందని, తాళంచెవి దానిదేనని నేను స్పష్టంగా చెప్పాను. లారీ డ్రైవర్ ముందే చెప్పాను. ఇంట్లో మాట్లాడుకుందామన్నాడు వాడు. అక్కడి నుంచి బండి వాడే నడిపాడు. మళ్లీ ఘాట్ ఎక్కుతూ, దిగుళ్లలో గేరు ఎందుకు తగ్గించాలో కూతురికి దారి పొడవునా వివరించాడు. బ్రేకు ఆనించి విడవాలట, ఇంజినే ఆపుతుందట.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఆమె గదికి చేరాం. సామాను దించాక తాళంచెవి శీను జేబులోకి పోయింది. పిల్ల ఏడవలేదు. ఇంటి యజమానురాలిని ఆటోలు ఎన్నింటికి ఉంటాయని అడిగింది. పొద్దున ఏడింటికి ఒకటి, పదింటికి ఒకటి, సాయంత్రం దైవాధీనమని ఆమె చెప్పింది. "నువ్వు మా బాపు నడిపే బండ్లె పోకు నానమ్మా" అంది హారిక నన్ను పంపేటప్పుడు. పోలేదు. సిమెంటు దించి వెనక్కి పోతున్న ట్రాలీ ఆటోను ఆపుకుని హైవే దాకా వచ్చి మూడింటికి కరీంనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ కార్డు ఉంటే ఆడవాళ్లకు టికెట్ డబ్బు లేదు, కిటికీ సీటు కూడా దొరికింది. దిగుడు వచ్చినప్పుడల్లా బస్సు డ్రైవర్ గేరు దించాడు, ఇంజిన్ హోరెత్తింది, నలభై మంది హాయిగా నిద్రపోయారు. ఇంజిన్ ఖరాబవుతుందని ఎవరూ లేచి ఆయన చెయ్యి పట్టుకోలేదు.

నేను నిద్రపోలేదు. మా ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. ఇదే ఘాట్‌లో దిగుడు వస్తే ఇంజినే ఆపేసేవారు. వెనక సీట్లో శీనును ఒళ్లో పెట్టుకుని నేను కూర్చునేదాన్ని. ఘర్షణ వల్ల వేడి పుడుతుందని వారమంతా ఊరి పిల్లలకు బోర్డు మీద రాసి చెప్పి, ఆదివారం నోరు మూసుకుని కూర్చునేదాన్ని. ఇంటాయనతో రోడ్డు మీద వాదన ఎందుకని. నాన్న చెయ్యి చూసి వాడు బండి నేర్చుకున్నాడు. ఆడవాళ్ల మాట వినక్కర్లేదన్నది నా నోరు చూసి నేర్చుకున్నాడు. వాడికి ఆ పాఠం నేను అప్పుడే చెప్పలేదు కాబట్టి లారీ డ్రైవర్ చెప్పాల్సి వచ్చింది. ఇవాళ నేను ఇది రాస్తుండగా హారిక ఫోన్ చేసింది. ఆటో రాక నాలుగు కిలోమీటర్లు నడిచి పత్తి చేను చూసి వచ్చిందట. బాపు రోజూ ఫోన్ చేసి ఎప్పుడొస్తావని అడుగుతున్నాడట. కారు మా వాకిట్లో కవర్ కప్పుకుని ఉంది.

ఘాట్ ప్రయాణం పెట్టుకున్నవాళ్లు బయలుదేరే ముందు రోజు ఈ పని చేయండి. మెకానిక్ దగ్గర బానెట్ తెరిపించి బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి. నూనె లేత పసుపులో ఉంటే ఉంచండి, టీ డికాక్షన్‌లా నల్లబడితే అక్కడే నిలబడి మార్పించండి, గంట పని. వెళ్లేటప్పుడు ఇంట్లో లైసెన్సు ఉన్న ఆడపిల్లను వెంట తీసుకెళ్లండి. వచ్చేటప్పుడు తాళంచెవి ఆమెకిచ్చి, మీరు వెనక సీట్లో కూర్చోండి. గేరు రాడ్ అక్కడి నుంచి అందదు.