సవారమ్మ ముడి

బిడ్డా, నాకు సంతకం దాకే వచ్చు. చెప్పింది చెప్పినట్టు రాయి. నా తప్పును మెత్తగా చేసి రాయకు. ఇన్నేళ్లుగా ఒక ముడి నా గొంతులో అడ్డం పడి ఉంది. మా ఆయన పోయిన రోజు కూడా దాన్ని దాటుకుని ఏడుపు సరిగా రాలేదు.

సంస్థానం ఉన్న రోజులు. బీచుపల్లి దిగువన, వాగు కృష్ణలో కలిసేచోట, ఇంటికొక వెదురు బుట్ట నీళ్లలో పెట్టేవాళ్లం. లోపలికి దూరిన చేప వెనక్కి రాలేదు. తోకవైపు తాడు విప్పి దులుపుకోవాలి. ఆ తాడుకు ఏ ఇంటి ముడి ఆ ఇంటిదే. కొత్త కోడలిని, అత్త నేర్పిన ముడి నాకు జారిపోయేది. పక్కింటి సవారమ్మక్క జాలిపడి తన ముడి చూపించింది.

"లోపల నాది ఎయ్యి, పైన మీ అత్తది ఎయ్యి. ముసల్దానికి తెల్వదు," అని నవ్వింది.

ఆ వానాకాలం నాలుగు రోజులు నా బుట్టలో ఒక్క చేప పడలేదు. ఆకలికి చేశానని చెప్పుకోనా? ఇంట్లో జొన్నలున్నాయి. "నీళ్లు మోసుకొచ్చినవా కోడలా?" అని అత్త పదిమందిలో అన్నది. ఆ మాటకే చేశాను. పెబ్బేరు సంతనాడు రేవులో ఎవరూ లేరు. కులపెద్ద బుట్ట విప్పి చేపలన్నీ నా గంపలో వేసుకున్నాను. తొందరలో చేతి అలవాటుకొద్దీ తిరిగి కట్టాను. లోపలి ముడి, సవారమ్మక్కది, ఒక్కటే వేశాను. పైముడి మరిచాను.

మర్నాడు రేవులో ఆడవాళ్లందరి ముందు కులపెద్ద ఆ బుట్ట ఎత్తి పట్టుకున్నాడు.

"ఈ ముడి ఎవరిదే?"

సవారమ్మక్క ముడిని చూసింది. నన్ను చూసింది.

"నాదే," అంది. నా పేరు ఎత్తలేదు.

ఎందుకు ఎత్తలేదు? నేనే చెబుతానని ఆగిందా? నేను నేల చూస్తూ నిలబడ్డాను. ఆమె బుట్ట తొక్కి విరిచారు, ఇక వాగులో దిగొద్దన్నారు. నా పక్కనుంచి పోతూ మెల్లగా అంది: "ముడి మంచిగ నేర్చినవ్ పిల్లా."

తర్వాత ఆమె పెబ్బేరు సంతలో పేడ తట్టలు మోసి బతికింది. ఒకసారి దూరం నుంచి చూసి, వేరే సందులో తిరిగిపోయాను. ఆ తట్ట కిందే పోయిందట.

ఇప్పుడు చెప్పి ఏం లాభం? ఆమెకైతే ఏ లాభమూ లేదు. అయినా రాయి. బుట్ట విప్పింది నేను, కట్టింది నేను, సవారమ్మ దొంగ కాదు.

రాశావా? ఏదీ, ఆ ఒక్క ముక్క గట్టిగా చదువు. బయటికి వినబడనీ.