మంచె మీద అమెరికా నవల

మా చిన్నప్పుడు... జొన్న కంకులు పాలు పట్టాయంటే ఇంట్లో ఎవరో ఒకరు పొద్దున్నే చేనులో మంచె ఎక్కాల్సిందే. వడిసెలతో రాళ్ళు విసురుతూ, గొంతు పోయేలా అరుస్తూ పిట్టలను లేపాలి. ఆ ఏడు ఆ పని మా బాపుది, అంటే మా నాన్నది... ఆయనేమో మంచె మీద నవల చదువుతూ కూర్చున్నాడు.

ఆదిలాబాద్ దగ్గర పల్లె మాది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త. పత్తి అమ్మడానికి పట్నం పోయిన బాపు, దుకాణంలో పొట్లాలకు చింపబోతున్న పుస్తకం ఒకటి అడిగి తెచ్చుకున్నాడు. ఏదో అమెరికా నవలకు తెలుగు. అట్ట లేదు, పేరున్న పేజీ లేదు. కొండ కింద ఒక కుటుంబం, ఒక వాగు, వాళ్ళు పెంచుకున్న చెట్లు... అంతే కథ. ఒక చెట్టు ఆకు రాల్చడానికి నాలుగు పేజీలు. బాపు చదువంతా ఉర్దూలో సాగింది కాబట్టి తెలుగు కూడబలుక్కుంటూ చదివేవాడు. ఇక ఆ ఆకు ఎప్పటికి రాలాలి?

ఒకరోజు సద్ది పట్టుకుని అమ్మా నేనూ చేనుకు పోయాం. అమ్మను మేం అవ్వ అనేవాళ్ళం. రామచిలుకలు గుంపులుగా కంకుల మీద వాలి ఉన్నాయి. తూర్పు వైపు కంకుల్లో గింజ లేదు. ఏడాదంతా మేం తినే రొట్టే, జొన్న రవ్వతో కాచుకునే గటుకా ఆ చేనులోనివే. మంచె మీద బాపు తల కూడా ఎత్తలేదు.

"చేనంత పిట్టలపాలైతుంటే నీకు కనవడ్తలేదా?" అంది అవ్వ.

"జర ఆగు... గీడ వాగు పొంగుతున్నది. ఆ పొల్ల అవుతలి ఒడ్డున చిక్కుకున్నది," అన్నాడు బాపు.

"మరి ఆళ్ళ చేను ఎవలు కాస్తుండ్రట?"

బాపు నాలుగు పేజీలు వెనక్కి తిప్పి చూసి, "గది రాయలే," అన్నాడు.

నాకైతే ఏడుపొచ్చింది. ఇక్కడ తిండి పోతుంటే దేశం కాని దేశంలో వాగు పొంగితే మనకెందుకు? అవ్వ పుస్తకం లాక్కుంది. పొయ్యిలో పెడుతుందనుకున్నాను. కానీ ఆయన మొహం చూసి మళ్ళీ చేతిలోనే పెట్టింది.

"సదువుకో. గనీ పెద్దగ సదువు. పిట్టలు లేవాలె."

ఇక చూడండి... బాపు మంచె మీద నిలబడి గొంతు చించుకుని చదవడం, నేను కింద వడిసెల తిప్పడం. ఆగితే చిలుకలు వాలేవి కాబట్టి కామాలూ ఫుల్‌స్టాపులూ గాలికి పోయాయి. పూల గురించి కూడా అరుపే.

మిగిలిన చేను దక్కింది. కానీ పక్క చేను ఖాసిం చిచ్చా పని వదిలేసి మా గట్టు మీదికి వచ్చి కూర్చునేవాడు. "అన్నా, ఆ పొల్ల ఒడ్డుకొచ్చిందా లేదా? జర గది చెప్పి నీళ్ళు తాగు," అనేవాడు. ఆయన చేను ఎవరు కాస్తున్నారో ఆయనకూ పట్టలేదు.

మరుసటి వానాకాలానికే మా జొన్నల గుమ్మి అడుగంటింది. పలచటి గటుక తాగిన ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పెద్దయ్యాక ఆ నవల కోసం చాలా వెతికాను. కథ చెబితే, "అలాంటిది ఎప్పుడూ వినలేదండీ" అంటారు. మా చుట్టుపక్కల చేలన్నీ విన్న నవల అది...

మొన్న ఊరికి వెళ్ళాను. ఎటు చూసినా పత్తే. పిట్టలు పత్తి తినవు... మంచెలూ లేవు, అరుపులూ లేవు. మీ ఇళ్ళల్లో మంచె ఎక్కినవాళ్ళుంటే వాళ్ళ ముచ్చట్లు ఇక్కడ చెప్పండి. నాకు మాత్రం ఆ చేల మధ్య నిలబడితే, ఒక్క చిలుక వాలినా బాగుండనిపించింది... తింటే తిననీ.